పిల్లుల డాక్టరు పోస్టు వెంటనే రద్దు చేయాలి

దిక్కులేని పిల్లుల్ని చేరదీసి, మందూమాకూ చూసి, దత్తతకిచ్చే కేంద్రాలు హైదరాబాదులాంటి ఊళ్లలో నడుస్తున్నాయి. నడవనివ్వండి. మా అభ్యంతరమల్లా అక్కడ జీతం తీసుకునే పశువైద్యుడి మీదే. రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో గన్నవరంలోనో ఐదున్నరేళ్లు చదివి, గేదె కడుపులో భుజందాకా చెయ్యి పెట్టి చూడి పరీక్ష నేర్చుకుని, తీరా ఇక్కడికొచ్చి 100 గ్రాముల పిల్లికూనని వంటింటి త్రాసులో తూస్తూ కూర్చుంటే దాతల సొమ్ము ఏమైపోవాలి?

అసలు పిల్లి గురించి మనవాళ్లకు తెలియనిదేముంది? అది పాలు తాగుతుంది. ఎక్కణ్ణుంచి పడినా నాలుగు కాళ్లమీద నిలబడుతుంది. ఎదురొస్తే పని చెడుతుంది. ఒంట్లో బాగోకపోతే మనం వేసుకునే మాత్రలో చిన్న ముక్క చాలు. ఈ నాలుగు సూత్రాలూ ఇంటింటికీ తెలిసినప్పుడు డాక్టరు దేనికి? పోస్టు రద్దయితే ఏయే పనులు ఆగిపోతాయో, అవి ఎంత దండగమారివో చూడండి.

పాలతో మొదలెడదాం. ఎలుకల బెడద పోవాలని రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఇంటికో ఆవునీ పంచారనీ, తెనాలి రామలింగడు తన పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టాడనీ, అది మళ్లీ జన్మలో పాలవంక చూడలేదనీ కథ. ఈ కథ విన్న పిల్లల డాక్టరైతే నవ్వుతాడు. పిల్లుల డాక్టరు మాత్రం తప్పు రాయలవారిదేనంటాడు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలలోని లాక్టోజు అనే చక్కెర అరగదట. ఆ లెక్కన విజయనగరం మొత్తమ్మీద విరేచనాలు లేని పిల్లి రామలింగడిదొక్కటే. మహాకవికి పశువైద్యం కూడా తెలుసన్నమాట. ఆయన లేడు కాబట్టి జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకోవాలా?

కేంద్రం గేటు దగ్గర రాత్రిపూట అట్టపెట్టె వదిలిపోవడం మన నగరాల్లో ఒక ఆచారం. పెట్టెలో నాలుగు కూనలు, ఒక పాత తువాలు, స్టీలు గిన్నెలో విరిగిన పాలు. ధర్మాత్ములు ఎవరో పెట్టేసి వెళ్లారు, మిగతాది తేలికే కదా అనుకుంటాం. డాక్టరు దాన్ని ఎంత రాద్ధాంతం చేస్తాడో చూడండి. ముందు పాలు పట్టడు. ఆకలితో ఏడుస్తుంటే థర్మామీటరు తీస్తాడు! చలిబడ్డ కూనకి, అంటే ఒంటి వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగిపోయినదానికి, పేగులు కదలవట. ఆ కడుపులో పోసిన పాలు అక్కడే పులిసిపోతాయట, లేదా ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయట. అందుకని వేణ్నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెడతాడు. రెండో పక్క ఖాళీగా ఉంచుతాడు, వేడి ఎక్కువైతే కూన అటు పాక్కుంటూ పోవాలని. ఇలా గంటో రెండు గంటలో నిదానంగా వెచ్చబెట్టాక గానీ సీసా అందుకోడు.

ఆ సీసాలోనూ ఆవుపాలు ఉండవు. పిల్లిపాలలో ఉండే మాంసకృత్తుల్లో సగం కూడా ఆవుపాలలో ఉండవని చెప్పి, కూనలకని అమ్మే పాలపొడి డబ్బా తెప్పిస్తాడు. మొదటివారం కూనకి రెండుమూడు గంటలకోసారి, అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా పట్టాలి. మనం పసిపిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పడతాం కదా, కూనని అలా పట్టుకుంటే కేకలేస్తాడు. బోర్లా, తల్లి దగ్గర తాగినట్టే ఉండాలట. వెల్లకిలా పడితే పాలు ముక్కులోంచి వస్తాయి, రెండురోజుల్లో నిమోనియా. తాగించడంతో అయిపోతుందా? తడి దూదితో తోక కింద మెల్లగా తుడవాలి. తల్లి నాలుకతో చేసే పని అది. మూడు వారాల వయసుదాకా కూన తనంతట తాను మూత్రం పోయలేదు. ఒక వైద్య పట్టభద్రుడు, ఒక దూది ముక్క, నాలుగు చుక్కల మూత్రం. రోజుకి ఎనిమిదిసార్లు. ఆ చుక్కలు పడగానే అతని మొహంలో కనిపించే ఆనందం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఇక రోజూ అదే వేళకి తూకం. కూన రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలట. ఒక్కరోజు పెరక్కపోయినా నొసలు ముడేస్తాడు. మన ఇళ్లలో పిల్లలు ఏడాదంతా బరువు పెరక్కపోయినా దిష్టి తీసి ఊరుకుంటాం.

రెండోది శుభ్రత. ఇందులోనైతే డాక్టరు మన సంస్కృతి మీదే దెబ్బ కొడుతున్నాడు. ఇల్లు కడిగాక ఫినాయిలు వాసన రాకపోతే అది కడిగినట్టేనా? నల్ల ఫినాయిలైనా, నీళ్లలో వేస్తే పాలలా విరిసే తెల్ల ఫినాయిలైనా కేంద్రం గుమ్మంలోకి రానివ్వడు. పిల్లి ఆ నేలమీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, నాకిన మందుని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి సరిగ్గా లేదు అని వాదన. ఇంకా విచిత్రం, చేతులకు శానిటైజరు రాసుకున్నా మెచ్చుకోడు. పిల్లుల్ని పెట్టెలకు పెట్టెలుగా తుడిచిపెట్టే పాన్‌ల్యూకోపీనియా వైరసుకి స్పిరిటు లెక్కలేదట. అది గదిలో ఏడాదిదాకా బతుకుతుంది. దానికి లొంగేది బ్లీచు. ముందు మలం, వాంతి సబ్బునీళ్లతో ఎత్తేయాలి, లేకపోతే బ్లీచు బలమంతా ఆ మురికిమీదే ఖర్చైపోతుంది. తర్వాత ఒకపాలు బ్లీచుకి 32 పాళ్లు నీళ్లు, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి కడిగేయాలి. నిన్న కలిపింది ఇవాళ పనికిరాదు.

ఈ జబ్బు పేరుచెప్పి చేసే ఇంకో దౌర్జన్యం క్వారంటైను. కొత్తగా వచ్చిన పిల్లి పైకి ఎంత హుషారుగా ఉన్నా 14 రోజులు విడిగదిలో ఉండాల్సిందే. వైరసు ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు రోజుల నుంచి పదిరోజుల వరకు పడుతుందట. ఊడ్చేవాళ్లకీ వరస పెట్టాడు: ముందు ఆరోగ్యంగా ఉన్న కూనల గది, తర్వాత పెద్దవి, ఆపైన కొత్తవి, చిట్టచివర జబ్బువి. ఏ గది చెప్పులు ఆ గదికే. "ఒక్కసారి ఎత్తుకుని ముద్దుచేసి పోతామండీ" అని ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చినవాళ్లని గాజు కిటికీ ఇవతలే నిలబెడతాడు. ఆ కుటుంబం ఒక బోనులోంచి ఇంకో బోనుకి చెయ్యి మార్చుకుంటూ పోతే, ఆ వెనకే వైరసు కూడా ఇల్లిల్లూ పలకరించినట్టు పోతుందని ఆయన ఊహ. ఊహ అంటున్నాం గానీ, వారం తిరిగేసరికి ఖాళీ అయిన బోన్లు లెక్కపెట్టిన వాళ్లెవరూ దీన్ని ఊహ అనరు. ఆ సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం, మా వాదనకి అడ్డొస్తుంది.

మాత్రల విషయానికొద్దాం. జ్వరంగా ఉందని 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌లో సగం విరిచి బెల్లంతో వేశారనుకోండి, ఎంత ప్రేమ! నాలుగు కిలోల పిల్లికి అది కిలోకి అరవై మిల్లీగ్రాముల పైమాటే. ఫినాయిలు దగ్గర చెప్పిన కాలేయపు లోపమే ఇక్కడా. విరిగిపోవాల్సిన మందు విషమై రక్తంమీద పడుతుంది. కొన్ని గంటల్లో చిగుళ్లు గోధుమరంగు, రక్తం చాక్లెట్ రంగు, మొహమూ పాదాలూ వాపు. అప్పుడు డాక్టరు విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ కిలోకి 140 మిల్లీగ్రాములు ఒకసారి, ఆపైన ఆరుగంటలకోసారి 70 చొప్పున ఎక్కిస్తూ తెల్లార్లూ కూర్చుంటాడు. మనం అర మాత్రతో వదిలించుకున్న పనికి ఇన్ని సీసాలా? కుక్కలకి వేసే పెర్మెత్రిన్ పేలమందు పిల్లి మెడమీద పోస్తే ఒళ్లంతా వణుకుతూ మూర్ఛలొస్తాయని కూడా ప్రచారం చేస్తున్నాడు. మగపిల్లి లిట్టరు డబ్బాలో, అంటే దాని మలమూత్రాలకని పెట్టిన డబ్బాలో, పదేపదే కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అని మనం ఆముదం పోస్తాం. ఈయన మాత్రం పొట్ట కింద చెయ్యి పెట్టి, నిమ్మకాయలా బిగిసిన మూత్రాశయం తగలగానే "గొట్టం వేయాలి, ఇప్పుడే" అని పరుగెడతాడు. మూత్రం ఆగిన పిల్లి ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుందట. ఆముదం సీసా మీద ఇవేవీ రాసి లేవు.

అన్నిటికన్నా పెద్ద నేరం కుటుంబ నియంత్రణ. "ఒక్క కాన్పయినా కానివ్వండి డాక్టరుగారూ, ఆడపుటక కదా" అని పెద్దలు చెబుతుంటే వినడు. రెండు నెలల వయసు, కిలో బరువు రాగానే ఆపరేషన్ చేసేయొచ్చంటాడు. నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, 65 రోజులు అటూఇటుగా పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలు పాలు వదలకముందే మళ్లీ చూడి కడుతుంది అని లెక్కలు చెబుతాడు. ఆపరేషన్‌కి ముందు రాత్రంతా పస్తు ఉంచమని మనం ఎక్కడో విని ఉంటాం. చిన్నకూనని నాలుగు గంటలకు మించి మాడ్చొద్దు, చక్కెర పడిపోతుంది, మత్తులో ఒళ్లు చల్లబడుతుంది అని అదీ కొట్టేస్తాడు. డొక్కలో వేలెడు గాటు, అండాశయాలూ గర్భసంచీ బయటికి, కరిగిపోయే కుట్లు. వీధిలో వదిలేదైతే మత్తు దిగకముందే ఎడమచెవి కొస సెంటీమీటరు కత్తిరిస్తాడు. దూరం నుంచి చూసి దీనికి అయిపోయింది, మళ్లీ పట్టి పొట్ట కోయక్కర్లేదు అని తెలియడానికట. చెవి కోశారని బస్తీలో గొడవ. గొడవ చేసినవాళ్లలో సగంమంది ఇళ్లలో అట్టపెట్టెలకు లోటుండదు.

ఆడా మగా తేల్చడానికైనా డాక్టరు కావాలా అంటే, మన అక్షరాలొస్తే చాలు. తోక ఎత్తి చూస్తే మగకూనకి విసర్గలాగా ఎడంగా రెండు చుక్కలు. ఆడకూనకి ఒక చుక్క, దానికి ఆనుకున్నంత దగ్గరగా కింద నిలువు గీత. అయినా సరే, కృష్ణుడని పేరుపెట్టిన పిల్లి అటకమీద ఐదుగురిని కన్నాక ఫోనొస్తుంది. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అని ఈయన ఎంతమందికి చెప్పినా, మూడురంగుల కృష్ణులకి తక్కువలేదు.

దత్తత దగ్గర అడిగే ప్రశ్నలు పెళ్లిచూపులకన్నా ఘోరం. బాల్కనీకి వల ఉందా? నాలుగు కాళ్లమీద పడే జీవికి వలెందుకంటే, ఐదో అంతస్తు నుంచి కాళ్లమీదే పడుతుంది, ఆ వెనకే గడ్డం నేలకి కొట్టుకుని అంగిలి చీలుతుంది, రొమ్ములో గాలి చేరి ఊపిరి ఆడదు అని బొమ్మగీసి చూపిస్తాడు. పావురాలకోసం వల కట్టిన ఇల్లంటే మాత్రం ప్రాణం లేచొస్తుంది ఆయనకి. పూలు కట్టే దారం ఉండ నేలమీద పడేస్తారా? సంక్రాంతికి మాంజా ఎక్కడ పెడతారు? దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి పోతే, పేగు లంగా నాడాకి కుచ్చులు పడ్డట్టు ముడుచుకుపోతుందట. కనిపించే కొస పట్టి లాగకూడదు, పేగు తెగుతుంది, అలాగే తీసుకురండి అని చెప్పి పంపుతాడు. మల్లెపూలు కొనుక్కోవడానికి కూడా ఇక డాక్టరు చీటీ కావాలి కాబోలు.

"మా ఇంట్లో నీచు ముట్టం. పెరుగన్నంతో పెంచుకుంటాం" అన్న సాత్వికులనైతే ఫారం చేతిలోంచి లాక్కుని మరీ కూర్చోబెడతాడు. టారిన్ అని ఒకటుందట. కావలసినంత పిల్లి ఒంట్లో తయారుకాదు, మాంసంలోంచే రావాలి. అది చాలకపోతే కంటిపొర చెడి చూపు మెల్లగా పోతుంది. గుండె గోడలు పలచబడి సంచిలా సాగిపోవడానికీ అదే కారణమని 1987లో తేలింది. పెరుగన్నంలో ఇంగువ, అల్లం, కరివేపాకు అన్నీ ఉన్నాయి, ఇది ఒక్కటి లేదు. కుక్కల తిండిలోనూ పిల్లికి చాలినంత ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి, దాతలిచ్చిన కుక్కతిండి బస్తాలు కేంద్రం మూలన అలాగే పడి ఉంటాయి.

తీరా అన్నీ కుదిరాక నల్లపిల్లిని వద్దంటారు. ఎదురొస్తుంది కదా. ఇంట్లో పెట్టుకున్న పిల్లి రోజుకి పాతికసార్లు ఎదురొస్తుంది, రంగు మారిస్తే ఏం కలిసొస్తుందో ఎవరూ చెప్పరు. పర్షియనుందా అని అడిగి, లేదంటే మొహం మాడ్చుకుని పోతారు. తీసుకెళ్లిన వాళ్లలో కొందరు మూడోరోజే బుట్టతో సహా తిరిగొస్తారు: "మంచం కింద నుంచి రావట్లేదండీ, తిండి ముట్టట్లేదు, ఇది మమ్మల్ని ప్రేమించట్లేదు." ఒక చిన్నగదిలో పెట్టి, లిట్టరు ఒక మూల, తిండి ఎదురుమూల, దాక్కోవడానికో పెట్టె ఇచ్చి, మీ మానాన మీరుండండి, రెండోరోజుకీ తినకపోతే నాకు ఫోన్ చేయండి, ముఖ్యంగా లావుపిల్లైతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది అని కాగితం రాసిచ్చాడు కదా. ఆ కాగితం బుట్టలో పిల్లి కిందే పరిచి ఉంటుంది. పాపం పనికొచ్చింది.

అడిగితే చట్టం ఉందిగా అంటారు. ఉంది. జంతువులని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. గేటు దగ్గర పెట్టె వదలడానికి వచ్చే ఆటో కిరాయి అంతకంటే ఎక్కువ.

కాబట్టి ఈ పోస్టు రద్దు కోరుతూ వినతిపత్రం తయారుచేసి సంతకాలకోసం కేంద్రం గేటుకి తగిలించాం. రాత్రి ఎవరో వచ్చారు. సంతకం పెట్టలేదు గానీ, కాగితం చింపి దాని వెనకాల "పాలు తాగుతాయి, మంచివి" అని రాసి అట్టపెట్టెకి అంటించి పోయారు. లోపల మూడున్నాయి. డాక్టరు థర్మామీటరు దులుపుతున్నాడు.