మద్ది చెక్క ఎవరి సొత్తు?

మద్ది చెక్కలో, అంటే మద్ది చెట్టు బెరడులో, యాంటీ ఆక్సిడెంట్లు దండిగున్నయని వాట్సాప్‌లో ఎవరు పంపినా నాకు నవ్వే వస్తది. ల్యాబులో యాంటీ ఆక్సిడెంట్ల పరీక్షకు వాడే ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణంల చెక్క సారం పోస్తే రంగు పోయి పసుపుపచ్చగైతది, అంతే, మన చాయ్ డికాక్షన్ పోసినా అయితది.

అసలు ముచ్చట ఎంజైములది. తిన్న అన్నాన్ని చిన్నపేగుల గ్లూకోజ్‌గా విడగొట్టే పనిలో చివరి మెట్టు ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైముది, దానికి అడ్డం పడితే తిన్నంక షుగర్ ఒక్కసారే ఎగబాకదు. షుగర్ వ్యాధికి డాక్టర్లు రాసే అకార్బోస్ గోలీ చేసే పని ఇదే, ల్యాబుల మద్ది చెక్క సారం కూడా ఇదే చేస్తున్నది. టెస్ట్‌ట్యూబుల పనిచేసిందల్లా ఒంట్లో పనిచెయ్యదంటరు, నిజమే, చెక్కలుండే టానిన్లు అనే వగరు పదార్థాలు దొరికిన ప్రతి ప్రోటీనుకూ అతుక్కుంటయి, గోలీలు మానెయ్యమని నేనూ చెప్తలేను.

నా భయం వేరే. తునికాకు ఏటా కోస్తం, మళ్లా చిగురేస్తది. బెరడు అట్ల కాదు, ఆకుల్ల తయారైన తిండి వేర్లకు దిగేది దాంట్లకెళ్లే, చుట్టూ వలిచేస్తే వేర్లు మాడి ఎంత పెద్ద మానైనా నిలువునా ఎండుతది. ఒక పక్క నిలువుగా పట్టీలాగ తీసి, గాయం పూడేదాకా ఆగాలె. కిలోల లెక్కన కొనేటోనికి ఆ ఓపిక ఎక్కడిది?

ఆ ఓపిక ఊరోళ్లకే ఉంటది. మహారాష్ట్రల మన గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖా అనే ఊరు 2009లో సామూహిక అటవీ హక్కు తెచ్చుకుంది, 2011లో వెదురును బయటికి తీస్కపోనీకి రాసిచ్చే పాస్ బుక్కు గ్రామసభ చేతికొచ్చింది. మరి బెరడుకు? 2002 జీవవైవిధ్య చట్టంల ఊరికి లాభంలో వాటా అనే మాట ఉండె, 2023 సవరణ వచ్చి గ్రంథాల్లకెక్కిన సంప్రదాయ జ్ఞానానికి ఆ వాటా ఇచ్చే బాధ్యత తీసేసింది. మద్ది ఆయుర్వేద గ్రంథాల్ల ఎప్పుడో ఎక్కింది కదా, ఇంకేముంది, చెట్టు మనది, గ్రంథం ఆయుర్వేదపోళ్లది, లాభం కంపెనీది!

అందుకే వెదురుకు ఇచ్చినట్టే మద్ది చెక్కకూ గ్రామసభే పాస్ ఇయ్యాలె. ఏ చెట్టు, ఏ పక్క, ఎంత వెడల్పు అన్నది దాంట్లనే రాయాలె. మా సిరొంచ ఊర్లల్ల ఆ రాత తెలుగులో ఉన్నా ఆఫీసుల చెల్లాలె, మరాఠీ రానోడికి చెట్టు గురించి తెల్వదా ఏంది!