హామీ లేని రుణం

రిజర్వ్ బ్యాంకు వారికి ఒక విన్నపం. తమరు పంపే సర్క్యులర్లను 34 ఏళ్లు శ్రద్ధగా చదివి రిటైరైనవాణ్ణి. బంగారం మీద అప్పుకు నిబంధన ఉంది, ట్రాక్టరుకు ఉంది, రొయ్యల చెరువుకు ఉంది. లోన్లు చూసే ఆఫీసరమ్మ, లోను అడగడానికి వచ్చినవాడికి మనసిచ్చేస్తే ఏం చేయాలో మాత్రం ఎక్కడా లేదు. ఈ లోటు వల్ల మా ఇంట్లో జరిగింది మనవి చేసుకుంటాను.

మా మేనకోడలు గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో బ్యాంకులో లోన్లు చూస్తుంది. ఊరెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేసి, కట్టేసిన రెగ్యులేటర్‌కి ఫోటో తీసుకునే రకం. పెళ్లిచూపులకొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి కాఫీ చేతికివ్వకముందే సిబిల్ స్కోరు అడిగింది. 900కి 780 అన్నాడు పాపం, గర్వంగానే. "నాలుగు క్రెడిట్ కార్డులెందుకు మామయ్యా?" అని వద్దనేసింది.

అలాంటి పిల్ల దగ్గరికి ఒకడు గేదెల మీద ముద్ర లోను కోసం వచ్చాడు. తాకట్టు అక్కర్లేదు, పాడి ఉందని చూపిస్తే చాలు. చూపించాడు. పాకలో నాలుగు గేదెలు, కడిగి బొట్టు పెట్టి నిగనిగలాడుతున్నాయి. మా పిల్ల కుచ్చిళ్లు పైకి పట్టుకుని పేడలో దిగి, ఒక్కోదాని చెవి పట్టుకుని పసుపు ట్యాగు మీది 12 అంకెలూ రాసుకుంది. నాలుగో గేదె దగ్గరుండగా పాలు పితికే వేళయింది. పెద్ద గేదె తాడు విదిలించుకుని బయటికి నడిచింది. మిగతా మూడూ దాని వెనకే. వరసగా వెళ్లి పక్క వీధిలో తమ ఇంటి ముందు ఆగాయి.

ఇక బుకాయిస్తాడనుకుంది. బుకాయింపుకి బ్యాంకులో మందుంది. కానీ వాడు నవ్వేశాడు. "గేదెలకున్న నిజాయితీ నాకు లేదు మేడమ్. లోను వద్దులెండి, టీ తాగి వెళ్లండి. పాలు కూడా వాటివే" అన్నాడట.

తమరు గమనించవలసింది ఇక్కడే. జాగ్రత్తపరులకి మోసాన్ని పట్టుకోవడం తెలుసు. పట్టుకోకముందే మోసం తనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే ఏం చేయాలో తెలీదు. పొద్దుటి నుంచీ వంద సంతకాలు సరిచూసిన మనిషికి, సంతకమే పెట్టని మనిషి కనబడితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. సినిమాలు చెడగొట్టాయంటారు గానీ, పనీపాటా లేని హీరో వెనక డాక్టరమ్మ పడుతుంటే హాల్లో ఈల వేసింది మా తరమే.

దరఖాస్తును మా పిల్ల తన చేత్తోనే తిరస్కరించింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఫైలు కడిగిన ముత్యంలా ఉంది. తర్వాతే అసలు లోను మొదలైంది.

ముద్రలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్ అన్నారు కదా. ఆ పేర్లు పెట్టినాయన ఎవరో గానీ ప్రేమించినవాడే అయివుంటాడు. శిశు దశలో కుర్రాడు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాడు, మా పిల్ల బిల్లు అడిగి డబ్బులిచ్చేసింది. కిశోర్ దశలో బిల్లు అడగడం మానేసింది. తరుణ్ దశలో మా చెల్లెలికి తెలిసింది.

బకాయి 90 రోజులు దాటితే గానీ మొండి బాకీ కింద రాయొద్దని కదా తమరి ఆదేశం. ఈలోపు దాన్ని ఓ కన్నేసి ఉంచాల్సిన ఖాతా అంటారు: 30 రోజుల దాకా ఎస్‌ఎంఏ-0, 60 దాకా ఎస్‌ఎంఏ-1, ఆపైన ఎస్‌ఎంఏ-2. అతగాడు వాట్సాప్‌లో మూడు గంటలు పలక్కపోతే మా పిల్ల ఎస్‌ఎంఏ-2లో పడేసి అన్నం మానేస్తుంది. ఫోను రాగానే పాత బాకీ రద్దు, కొత్త అప్పు మంజూరు. దీన్నే ఎవర్‌గ్రీనింగ్ అంటారు. మా రోజుల్లో ఆడిటర్ కంటపడితే ఇంక్రిమెంటు పోయేది.

"అన్నయ్యా, లోకం చూసినవాడివి, నువ్వెళ్లి వాడి సంగతేంటో తేల్చుకురా" అంది చెల్లెలు. వెళ్లాను. "రండి మామయ్యగారూ" అంటూ చెంబుతో నీళ్లిచ్చాడు. పాకలో ఈసారి రెండే గేదెలు. బైకు అమ్మి కొన్నానన్నాడు. బైకు ఎవరిదని అడిగాను. "నాదేనండీ, చాలావరకు" అన్నాడు.

నేనూ పాత ఇన్‌స్పెక్షన్ మనిషినే. నులకమంచం పాక ముందుకి లాక్కుని పాలు పితికే వేళదాకా కూర్చున్నాను. వేళ అయింది, దాటింది. రెండూ నెమరువేస్తూ పడుకున్నాయి తప్ప ఎక్కడికీ పోలేదు. గట్టిగా కట్టేశాడేమోనని లేచి తాళ్లు చూశాను. మామూలు ముడే.

ఒప్పేసుకుందామని అతగాడి కోసం చూస్తే కనబడలేదు. టీ తెస్తానని నా స్కూటరు తాళం పట్టుకెళ్లి అప్పటికి గంటన్నర అయింది.