‘వ్యాపారం చేసేవాడు ఓడిపోతాడు’ సందేశానికి జవాబు

విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ల గేమింగ్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. టర్న్ బేస్డ్ ఆటల్లో, అంటే వంతుల వారీగా ఎత్తులు వేసే కంప్యూటర్ ఆటల్లో, వ్యాపారం నమ్ముకుంటే ఓటమి ఖాయమట. దానికి నాలుగు కారణాలు చెప్పారు: బంగారంతో కొంటే నాలుగింతలు దండగ, దూరపు వ్యాపార రూటైతేనే లాభం, ట్రేడర్లను (ఊళ్ల మధ్య సరుకు మోసేవాళ్లను) దోచేస్తారు, మొదటి వారం డబ్బంతా సైన్యానికే పెట్టాలి. మొదటి మూడింటికి ఊళ్లు వేసి దేశాన్ని పెంచే ‘సివిలైజేషన్ 6’ని, చివరిదానికి పట్టణాలు, సైన్యాలతో ఆడే ‘హీరోస్ 3’ని చూపించారు. ఇది నమ్మి ‘సివిలైజేషన్ 6’లో సైన్యం మీద సైన్యం కట్టుకుంటూ పోతే, వాటిని పోషించే ఖర్చుకే ఖజానా ఖాళీ అవుతుంది.

నాలుగింతల లెక్క తప్పు కాదు. 60 ప్రొడక్షన్‌తో (ఊరి పనిశక్తితో) అయ్యే మాన్యుమెంట్ అనే కట్టడాన్ని కొనాలంటే 240 బంగారం కావాలి. అయితే ప్రొడక్షన్ ఏ ఊళ్లో పుడితే ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది. రాజధానిలో ఎంత ఉన్నా పక్క ఊరికి చేరదు. కొత్తగా వేసిన ఊరికి టర్నుకు 3 ప్రొడక్షన్ వస్తుంటే ఆ మాన్యుమెంట్‌కు 20 టర్నులు పడుతుంది. బంగారం అలా కాదు, ఖజానా అన్ని ఊళ్లకూ ఒకటే. టర్నుకు 24 వస్తుంటే పదో టర్నుకల్లా ఆ 240 చేతిలో ఉంటుంది, మాన్యుమెంట్ ఆ పూటే లేస్తుంది. సరిహద్దు ఊరి మీదకు శత్రువు వచ్చిపడితే అదే 240తో అక్కడే ఒక ఆర్చర్‌ను (విలుకాడిని) నిలబెట్టొచ్చు. ఆ ఊరి ప్రొడక్షన్‌నే నమ్ముకుంటే ఆర్చర్ తయారయ్యేలోపు ఊరు పోతుంది. బంగారానికి లొంగనివీ ఉన్నాయి. వండర్లను, అంటే ప్రపంచ వింతల్లాంటి కట్టడాలను, కొనలేం. డిస్ట్రిక్టులు (ఊళ్లో ఒక్కో పనికి కేటాయించిన పేటలు) కొనాలంటే రేనా అనే గవర్నర్‌కు కాంట్రాక్టర్ పదోన్నతి ఇచ్చి ఆ ఊళ్లో పెట్టాలి. అందుకే ప్రొడక్షన్‌ను డిస్ట్రిక్టులకు వాడి, వాటిలోపలి కట్టడాలను బంగారంతో కొనుక్కోవడం మంచి పద్ధతి.

రెండోది, దూరపు రూటుకే లాభమన్నది, పూర్తిగా తప్పు. ఈ ఆటలో రూటు రాబడిని తేల్చేది గమ్యం ఊళ్లోని డిస్ట్రిక్టులు. పరాయి దేశపు ఊళ్లో కమర్షియల్ హబ్ (వ్యాపార పేట) ఉంటే 3 బంగారం, హార్బర్ (రేవు) ఉంటే మరో 3 కలుస్తాయి. దారిలో ట్రేడింగ్ పోస్టులు (వ్యాపార మజిలీలు) ఉన్న ఊళ్లు తగిలితే కాస్త అదనం, అంతే. సొంత ఊరికి పంపితే అక్కడి క్యాంపస్ (చదువుల పేట), హోలీ సైట్ (గుడి పేట) ఒక్కొక్క ఆహారం, హబ్, హార్బర్ ఒక్కొక్క ప్రొడక్షన్ ఇస్తాయి. అది ట్రేడర్ బయల్దేరిన ఊరికి దక్కుతుంది. కాబట్టి కొత్త ఊరిని పెంచాలంటే ట్రేడర్‌ను ఆ కొత్త ఊరి నుంచే పంపాలి. ఇది తెలియక రాజధాని నుంచి పంపి, కొత్త ఊరు ఎదగట్లేదని బాధపడేవాళ్లు చాలామంది.

హబ్ ఎక్కడ వేయాలో చెప్పడానికి మన కళింగపట్నం చాలు. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. నది పక్కన పెడితే హబ్‌కు 2 బంగారం, హార్బర్‌ను ఆనుకుంటే మరో 2. ఊరు, హబ్, హార్బర్ మూడూ ఒకదాన్నొకటి తాకేలా ముక్కోణంగా పెడితే హార్బర్‌కూ ఊరిని ఆనుకున్నందుకు కలిసొస్తుంది.

దోపిడీ మాట నిజమే, కానీ అది దారి చూసుకోనివాళ్ల సమస్య. సాలూరు లారీవాళ్లు ఘాట్ ఎక్కే ముందు రోడ్డు ఎలా ఉందో కనుక్కుంటారు కదా, ఇక్కడా అంతే. రూటు ఖరారు చేసే ముందు ఆ దారికి దగ్గర్లో బార్బేరియన్ల (ఏ దేశానికీ చెందని దోపిడీ మూకల) శిబిరం ఉందేమో చూడాలి. ఉంటే ముందు దాన్ని తీసేయాలి. తర్వాత దారి ఇరుకైన చోట ఒక వారియర్‌ను నిలిపితే సరిపోతుంది. ఒకసారి పంపిన ట్రేడర్‌ను కనీసం 20 టర్నుల దాకా వేరే దారికి మళ్లించలేం. ఏ దేశంతో యుద్ధానికి దిగితే ఆ దేశపు రూట్లన్నీ తెగిపోతాయి కాబట్టి, గొడవ వచ్చేలా ఉన్న పొరుగువాడికి కాకుండా సిటీ స్టేట్లకూ (ఒక్క ఊరితో ఉండే చిన్న రాజ్యాలకూ) సొంత ఊళ్లకూ పంపుకోవాలి.

‘హీరోస్ 3’ లెక్కయితే ఆ సందేశానికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. పట్టణానికి రాబడి తెచ్చే విలేజ్ హాల్ అనే కట్టడం రోజుకు 500 బంగారం ఇస్తుంది. 2,500 పెట్టి టౌన్ హాల్ కడితే రోజుకు 1,000. ఇంకో 5,000తో సిటీ హాల్, రోజుకు 2,000. 10,000తో క్యాపిటల్, రోజుకు 4,000. ఏ మెట్టు చూసినా పెరిగిన రాబడితోనే పెట్టిన బంగారం అయిదు రోజుల్లో వెనక్కి వస్తుంది. పైగా క్యాపిటల్‌కు ముందు క్యాజిల్ ఉండాలి. అదే క్యాజిల్ వారం వారం పుట్టే సైనికుల సంఖ్యను రెట్టింపు చేస్తుంది. అంటే డబ్బు దారి చివరికి సైన్యం గుమ్మంలోంచే వెళ్తుంది.

అయితే ఒక్కో పట్టణంలో రోజుకు ఒక్క కట్టడమే కట్టగలం. రోజూ హాళ్ల వరుసే పట్టుకుంటే సైనికులు పుట్టే ఇళ్లు వెనకబడతాయి. ఏడో రోజు లోపు కనీసం రెండు మూడు ఇళ్లు లేచి ఉండాలి, లేదంటే కొత్త వారం మొదటి రోజు వచ్చే పెరుగుదల చేజారుతుంది. ఇక శత్రువు మూడు నాలుగు రోజుల దూరంలోనే ఉండే చిన్న మ్యాపుల్లో ఆ అయిదు రోజుల గడువు కూడా దొరకదు. అక్కడ టౌన్ హాల్‌తో ఆపి మిగతాదంతా సైన్యానికి పెట్టాలి. సందేశంలోని నాలుగో మాట అలాంటి మ్యాపుల వరకు సరైనదే.