ఓడిన ఆటలో మిగిలిన నాలుగు నిమిషాలు

అది ఒక్కొక్కరికి పది నిమిషాల ఆన్‌లైన్ చదరంగం ఆట. నా దగ్గర ఒక మంత్రి, ఒక ఏనుగు అదనంగా ఉన్నాయి. ఎదుటివారి రాజు అంచు వరసలో ఇరుక్కున్నాడు, ఇంకో రెండు ఎత్తుల్లో ఆట కట్టు. ఆయన గడియారంలో నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు మిగిలి ఉన్నాయి. ఆ సమయం ఒక్కో సెకనూ కరుగుతూ పోయిందే తప్ప, పావు మాత్రం కదలలేదు. ఓటమి ఒప్పుకోకుండా వెళ్లిపోయారేమో అనుకుని నేను లేవబోతుండగా, చివరి పది సెకన్లలో ఒక బంటు ఒక గడి ముందుకు జరిగింది. అంటే ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. నేను విసిగి లేచిపోతే ఈసారి నా గడియారం నడిచి, గెలిచిన ఆట నా చేజారుతుందని తెర ముందే కూర్చుని కాచుకున్నారు.

ఆన్‌లైన్ చదరంగంలో మర్యాద గురించి మాట్లాడితే చర్చంతా ఇంజిన్ల (మంచి ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముల) సాయంతో చేసే మోసం మీదికే పోతుంది. మోసం పెద్ద సమస్యే, కానీ దాన్ని పట్టుకోవడానికి సంస్థలున్నాయి, శిక్షలున్నాయి. రోజూ ఆడేవారిలో చాలామందికి ఎదురయ్యేది మాత్రం ఇలాంటి చిన్న అమర్యాదే, దాని మూలం ఓటమిని ఒప్పుకోలేకపోవడంలో ఉందని నా అభిప్రాయం.

ఈ బుద్ధి ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1895లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో జరిగిన ప్రసిద్ధ టోర్నీలో మాజీ ప్రపంచ చాంపియన్ స్టైనిట్జ్ అద్భుతమైన దాడికి చిక్కిన జర్మన్ ఆటగాడు ఫాన్ బార్డెలెబెన్, ఓటమి ఒప్పుకోకుండా హాలు వదిలి వెళ్లిపోయి తన గడియారాన్ని అలాగే నడవనిచ్చాడు. నూట ముప్పై ఏళ్లు గడిచినా ఆ ఆటను వివరించే ప్రతివారూ స్టైనిట్జ్ ఎత్తుల కూర్పుతోపాటు ఆ నిష్క్రమణనూ చెబుతారు. అందరి కళ్లముందూ లేచి వెళ్లాడు కాబట్టే ఆ పని అతని పేరుకు అంటుకుని ఉండిపోయింది. తెర వెనక అదే పని చేసేవారిని చూసేవారు లేరు, మారుపేరు మాటున వారికి ఏ మచ్చా అంటదు.

"గడియారంలో ఉన్నది నా సమయం, దాన్ని ఎలా వాడుకుంటే మీకేమిటి" అనే వాదన తరచుగా వినిపిస్తుంది. పైకి సబబుగానే తోస్తుంది గానీ అందులో ఒక పొరపాటు ఉంది. ఆ సమయం ఇచ్చింది ఆలోచించడానికి. ఆలోచించేవాడికి నాలుగు నిమిషాలు కాదు, నలభై నిమిషాలైనా ఇవ్వవచ్చు. ఆలోచన ఆగిపోయాక కూడా గడియారాన్ని నడిపించేవాడు వాడుకుంటున్నది ఎదుటివాడి సమయాన్నే. ప్రత్యర్థి ఏకాగ్రతను ఏ రూపంలోనూ చెదరగొట్టకూడదని, విసిగించకూడదని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఎదురుగా కూర్చుని ఆడే ఆటలో దాన్ని అమలు చేయడానికి ఆర్బిటర్, అంటే ఆట న్యాయనిర్ణేత, ఉంటాడు. తెరమీద ఆ పనిలో చాలా భాగం మన మనస్సాక్షికే వదిలేశారు.

అయితే ఓడిపోతున్న ఆటను కొనసాగించడం అమర్యాద కాదు. ఈ రెంటినీ కలిపేసి, "మంత్రి పోయాక కూడా రిజైన్ చేయడా" అని చాట్‌లో తిట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారి ఆటల్లో గెలుపు అంచున స్టేల్‌మేట్‌తో (చెక్ లేకపోయినా ఎదుటివారికి వేయడానికి ఎత్తే లేక ఆట డ్రా కావడంతో) సగం పాయింటు పోగొట్టుకోవడం మామూలే, కాబట్టి చివరిదాకా పోరాడే హక్కు అందరికీ ఉంది. సమయం అయిపోయిన ప్రత్యర్థిపై గెలవడం కూడా తప్పు కాదు. ఎత్తుకు అదనపు సెకన్లు లేని పద్ధతిని ఎంచుకున్నవారు ఆ షరతుకు ముందే ఒప్పుకున్నట్టే. ఎత్తు వేస్తున్నంతకాలం అది ఆటే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కదలని పావు వెనక కోపంతో కూర్చున్న మనిషి ఉండవచ్చు, కరెంటు పోయిన ఇల్లు కూడా ఉండవచ్చు. ఎదుటివారి కనెక్షన్ తెగినట్టు సైట్లు కొంతవరకు చూపించగలవు గానీ కారణం చెప్పలేవు. 2020 ఆగస్టు 30న జరిగిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ (దేశాల జట్ల చదరంగ పోటీ) ఫైనల్‌లో భారత్, రష్యా తలపడినప్పుడు, రెండో విడతలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ కనెక్షన్ తెగి, సమయం అయిపోయి ఓడిపోయారు. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్న ఆ జట్టు అప్పీలు చేసుకోగా, ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు. ఆ రాత్రి మనమంతా సంతోషించాం. కానీ అంతకు రెండు రోజుల ముందు క్వార్టర్ ఫైనల్‌లో మన జట్టుతో ఆడుతూ ఆర్మేనియా ఆటగాడు మార్టిరోస్యాన్ కూడా కనెక్షన్ పోయే ఓడిపోయాడని, వారి అప్పీలును తిరస్కరించారని, ఆ జట్టు టోర్నీ నుంచి తప్పుకుందని గుర్తుపెట్టుకున్నవారు తక్కువ. రెండు సందర్భాల పరిస్థితులూ ఒకటి కాకపోవచ్చు. అయినా మనకు దక్కిన సానుభూతిని ఎదుటి జట్టుకు ఎంతవరకు చూపించామన్నది నిజాయతీగా వేసుకోవలసిన ప్రశ్నే.

అదే ఏడాది, అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ చేసిన పని నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. ఒక ఆన్‌లైన్ టోర్నీలో డ్రా కాదగ్గ స్థితిలో ఆయన ప్రత్యర్థి, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఇంటర్నెట్ తెగిపోయి ఓడిపోయాడు. తర్వాతి ఆట మొదలవుతూనే కార్ల్‌సన్ కావాలనే మంత్రిని పోగొట్టుకుని, ఓటమి ఒప్పుకుని లెక్క సరిచేశాడు. ఏ నియమమూ ఆయన్ను అలా చేయమనలేదు.

ఓటమిని ఒప్పుకోలేనితనానికి మరింత ప్రమాదకరమైన రూపం ఆధారం లేని ఆరోపణ. ఓడిన వెంటనే "ఇంజిన్ వాడావు" అని రాయడం ఇప్పుడు దాదాపు అలవాటైపోయింది. అనుమానం వస్తే దానికి దారి ఉంది: ఆటను సైటుకు నివేదించాలి, మౌనంగా ఉండాలి. పరిశీలించే సాధనాలూ సమాచారమూ ఉన్నది సైటువారి దగ్గరే. అమెరికా గ్రాండ్‌మాస్టర్ డానియల్ నరోడిట్‌స్కీ ఆన్‌లైన్ ఆటలపై మాజీ ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ ఏడాదిపాటు బహిరంగంగా అనుమానాలు లేవనెత్తారు. నరోడిట్‌స్కీ వాటిని ఖండించారు. 2025 అక్టోబరులో, 29 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. ఆ మరణానికి ఈ ఆరోపణలే కారణమని నేను అనడం లేదు, అనే అధికారమూ నాకు లేదు. కానీ ఆ అనుమానాలు తనను ఎంత కుంగదీశాయో ఆయన స్వయంగా చెప్పుకున్నారు. తర్వాతి నెలలో ఫిడే యాజమాన్యం క్రామ్నిక్‌పై తన నైతిక, క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు చేసింది. వేల ఆటలతో సంపాదించుకున్న పేరుకు మచ్చ తేవడానికి ఒక్క పోస్టు చాలు, దాన్ని తుడవడానికి ఏ తీర్పూ పూర్తిగా చాలదు.

మర్యాద నేర్పవలసిన చోటు పిల్లల మొదటి ఫోను ఆట. కిందటి వేసవిలో మా వీధిలోని ఒక చిన్న శిక్షణ తరగతిలో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఏనుగు పోగానే ఫోను బల్లమీద బోర్లించి నీళ్లు తాగడానికి లేచాడు. మాస్టారు కోప్పడలేదు. ఫోను తిప్పి వాడి ముందు పెట్టి, "అవతల కూర్చున్నదీ నీలాంటి పిల్లవాడే అయ్యుంటాడురా. ఆడతావా, ఒప్పుకుంటావా? రెండూ మంచివే, ఏదో ఒకటి ఇప్పుడే చెయ్యి" అన్నారు. పిల్లవాడు కాసేపు ముఖం ముడుచుకుని కూర్చుని, గుర్రాన్ని కదిపాడు. పదకొండు ఎత్తుల తర్వాత ఆట కట్టింది. ఓడిపోయాక తనంతట తానే ఆ ఆటను మొదటినుంచి తెరిచి, ఏనుగు ఎక్కడ పోయిందో వెతకడం మొదలుపెట్టాడు.