మాట్లాడకుండా మాస్టారు కావడం ఎలా?

మన దేశంలో టీచర్ల నాణ్యత గురించి ఎవరైనా బెంగపడుతుంటే నాకు నవ్వొస్తుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇంకే ఉద్యోగానికి ఉందో చెప్పండి. 1993లో పనిగట్టుకుని ఒక చట్టం చేసి, 1995 నుంచి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలిని, అదే మన ఎన్‌సీటీఈని, కాపలా పెట్టుకున్నాం. బీఈడీ కాలేజీ పెట్టాలంటే దాని గుర్తింపు కావాలి, యూనివర్సిటీ అఫిలియేషన్ కావాలి, ఆపైన కాలేజీలకూ యూనివర్సిటీలకూ నాణ్యత చూసి గ్రేడులిచ్చే న్యాక్ గ్రేడ్ కూడా వచ్చిందంటే గేటుకి ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. ఇన్ని వడపోతలయ్యాక కూడా మీ అబ్బాయికి భిన్నాలు అర్థం కాలేదంటే తప్పు మీ అబ్బాయిదే.

టీచర్ కావాలనుకున్నవాళ్లు నడిచే దారి చూడండి. ముందు బీఈడీలో సీటు కోసం ఎడ్‌సెట్, 150 బిట్లు. తర్వాత బీఈడీ. అది కాగానే టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, మళ్లీ 150 బిట్లు, 150 నిమిషాలు. చివర్లో సర్కారు టీచర్ పోస్టుల కోసం డీఎస్సీ, 80 మార్కులకు 160 బిట్లు, మిగిలిన 20 మార్కులు టెట్ వెయిటేజీ. ఇంటర్వ్యూ లేదు. అంటే 460 బిట్లు దాటి ఉద్యోగంలో చేరేదాకా ఏ పరీక్షలోనూ మనిషి నోరు తెరవక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేముందైనా బండి ఒకసారి ఎనిమిది ఆకారంలో తిప్పి చూపించమంటారు. జీవితమంతా మాట్లాడుతూ బతకాల్సిన ఉద్యోగానికి గొంతు ఉందో లేదో కూడా చూడకుండా మనిషిని ఎంచుకోవడం మామూలు విజయం కాదు, దీన్ని ఎవరూ గుర్తించకపోవడం నాకు బాధగా ఉంది.

మధ్యలో బీఈడీ ఉంది కదా, అక్కడ పాఠాలు చెప్పిస్తారు కదా అని మీరు అడగొచ్చు. చెప్పిస్తారు. రూల్స్ ప్రకారం 20 వారాలు బడుల్లో గడపాలి, పాఠ్య పథకాలు రాయాలి, తోటివాళ్ల పాఠాలు చూసి అబ్జర్వేషన్ రికార్డులు నింపాలి. నిజాయితీగా చేసేవాళ్లు, చేయించేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల జోలికి నేను పోను, పాపం వాళ్లకి అసలే బోలెడు పని. కానీ మన దగ్గర నాన్ అటెండింగ్ అనే గొప్ప సంప్రదాయం ఒకటి ఉంది. ఫీజు వస్తుంది, అటెండెన్స్ వస్తుంది, అందమైన చేతిరాతతో రికార్డులు కూడా వస్తాయి, మనిషి మాత్రం రాడు. ప్రాక్టికల్స్ రోజున బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఓ నాలుగు నిమిషాలు చార్టు పట్టుకుని నిలబడితే రెండో నిమిషంలోనే ఆయన భోజనం సంగతి అడుగుతారు.

2015 నుంచి ఏడాది కోర్సును రెండేళ్లు చేశారు. దాంతో అప్పటిదాకా ఏడాదిపాటు కాలేజీకి రానివాళ్లు పాపం రెండేళ్లపాటు రాకుండా ఉండాల్సి వచ్చింది. శిక్షణ సరిగ్గా రెట్టింపయింది! 2030 కల్లా టీచర్ కావడానికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది కాబట్టి ఈ గైర్హాజరును నాలుగేళ్లదాకా లాక్కెళ్లే అవకాశం కూడా ఉంది. అదే విధానపత్రంలో ఒక చేదు మాట కూడా రాశారు లెండి: పదివేలకు పైగా ఉన్న విడి బీఈడీ, డీఈడీ కాలేజీల్లో అత్యధికం శిక్షణ సీరియస్‌గా ఇచ్చే ప్రయత్నమైనా చేయడం లేదనీ, డబ్బుకి డిగ్రీలు అమ్ముతున్నాయనీ జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే తేల్చిందట. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ అది. మరి ఆ కాలేజీలన్నిటికీ గుర్తింపు ఇచ్చిందెవరు అని అడగకండి, అది సిలబస్‌లో లేదు.

ఇక న్యాక్. 2025 ఫిబ్రవరిలో ఒక యూనివర్సిటీకి అన్నిటికంటే పై గ్రేడైన ఏ డబుల్ ప్లస్ ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. కేసు తేలేదాకా నేనెవర్నీ ఏమీ అనను. సోదాల్లో నగదుతోపాటు ల్యాప్‌టాప్‌లు కూడా దొరికాయన్నారు, డిజిటల్ వనరుల కింద వాటికైనా నాలుగు మార్కులు పడాల్సింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది టెట్. విద్యాహక్కు చట్టం వచ్చాక 2010 ఆగస్టులో ఎన్‌సీటీఈ దీన్ని తప్పనిసరి చేసింది. అందులో పెడగాజీ, అంటే పాఠం చెప్పే పద్ధతుల మీద వచ్చే బిట్లు చదివితే కళ్లు చెమరుస్తాయి. వెనక బెంచీలో ఒక పిల్లవాడు మౌనంగా కూర్చున్నాడు, మీరేం చేస్తారు? కొడతారా, బయటికి పంపుతారా, హెడ్‌మాస్టర్‌కి చెబుతారా, ప్రేమగా దగ్గరికెళ్లి కారణం తెలుసుకుంటారా? కొడతానని టిక్కు పెట్టిన అభ్యర్థి ఈ దేశంలో ఇంకా పుట్టి ఉండడు. మొదట్లో ఈ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో దాన్ని జీవితకాలం చేశారు, ప్రేమగా కారణం తెలుసుకునే గుణం ఏడేళ్లకు ఎక్స్‌పైర్ కాదని ప్రభుత్వానికి అర్థమైంది కాబోలు.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, రిటైర్మెంట్‌కి ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాల్సిందేనని చెప్పింది. కోర్టు చట్టంలో ఉన్నదే చెప్పింది, దాన్నేమీ అనలేం. పాతికేళ్లు సుద్దముక్కతో నెట్టుకొచ్చిన మాస్టారు ఇప్పుడు కోచింగ్ సెంటర్‌లో ముందు బెంచీలో కూర్చుంటే, ఒకప్పుడు ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న కుర్రాడు మైకు పట్టుకుని పిల్లల మనస్తత్వం వివరిస్తాడు. ఆయన పాఠం ఎలా చెబుతారో తెలుసుకోవాలంటే ఆ తరగతికెళ్లి ఓ గంట కూర్చుంటే చాలదా అని కొందరు అమాయకులు అడుగుతున్నారు. తరగతికి కీ ఎవరు విడుదల చేస్తారండీ? అభ్యంతరాలు ఎవరు తీసుకుంటారు? నార్మలైజేషన్ ఎలా చేస్తారు?

వ్యవస్థలో లోపమేమీ లేదు కాబట్టి నేను కోరేది పిల్లల వైపు నుంచి ఒక్క సవరణ. 460 బిట్లు దాటొచ్చిన టీచర్ని పట్టుకుని వాళ్లు ఇష్టమొచ్చినట్టు ప్రశ్నలడిగేస్తున్నారు, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది సార్ అని. ఇది సరైన నమూనా కాదు. ఇకమీదట సందేహం అడిగే ప్రతి పిల్లవాడూ దాని కింద నాలుగు ఆప్షన్లు కూడా ఇవ్వాలని ఎన్‌సీటీఈ వెంటనే ఉత్తర్వు జారీ చేయాలి. నెగటివ్ మార్కులు మాత్రం పెట్టకూడదు.