ఆదివాసీ నిధులు: తెరవాల్సింది దాతల పద్దు

ఆదివాసీల రాజకీయాలపై పరిశోధన చేసి, తర్వాత ఏదో ఒక ఫౌండేషన్‌లో చేరి, వాళ్ల పేరిట నిధులు మంజూరు చేయడం అమెరికాలో ఇప్పుడు మంచి కెరీర్. జీతం బాగుంటుంది, గౌరవమూ ఉంటుంది. మరి డబ్బు ఎంత చేరుతోంది? ‘నేటివ్ అమెరికన్స్ ఇన్ ఫిలాంత్రపీ’, ‘క్యాండిడ్’ సంస్థలు 2019లో లెక్క తీశాయి. 2002-2016 మధ్య పెద్ద ఫౌండేషన్లు ఇచ్చినదాంట్లో మూలవాసుల వాటా సగటున 0.4 శాతం.

నా దృష్టిలో ఈ రంగంలో అసలైన పరిశోధన ఇదే. ఆదివాసీల పెళ్లిళ్లు, దేవతల మీద బోలెడన్ని థీసిస్‌లు ఉన్నాయి. దాతల మీద రాయడానికి మాత్రం చెయ్యి రాదు. రేపు ఉద్యోగం ఇచ్చేది వాళ్లే కదా!

అమెరికాలోని చెరోకీ తెగ మూలాలున్న రెబెకా ఆడమ్‌సన్ ఆ మొహమాటం పెట్టుకోలేదు. 1980లో ఆమె పెట్టిన ‘ఫస్ట్ నేషన్స్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్’ సాయం కన్నా ఆస్తుల మీద అజమాయిషీ ముఖ్యమని వాదించింది. లకోటా తెగ ఉండే పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే లకోటా ఫండ్ ఆ ఆలోచనలోంచే వచ్చింది. 1997లో ఆమె ‘ఫస్ట్ పీపుల్స్ వరల్డ్‌వైడ్’ స్థాపించి గనులు, చమురు కంపెనీల షేర్‌హోల్డర్ల వైపు తిరిగారు. హక్కుల గురించి లాభనష్టాల భాషలో మాట్లాడటం నాకు పూర్తిగా మింగుడుపడదు. కానీ స్టాండింగ్ రాక్‌లో ఆదివాసీలు అడ్డుకున్న చమురు పైప్‌లైన్ వివాదం కంపెనీలకు 750 కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా నష్టం తెచ్చిందని అదే సంస్థ 2018లో లెక్కగట్టాక, ఆ భాష అర్థమయ్యేవాళ్లకు విషయం బాగానే అర్థమైంది.

మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల ఆచారాలతో ఆగలేదు. భూముల కబ్జాలు, అటవీ హద్దులు, కింది ఉద్యోగుల వసూళ్లు కూడా నివేదికల్లోకి ఎక్కించాడు. మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం ఆ పని వెంటే వచ్చింది.

2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో మూలవాసులు, స్థానిక సమాజాల అటవీ హక్కుల కోసం 170 కోట్ల డాలర్లు ప్రకటించారు. మొదటి ఏడాది ఖర్చులో నేరుగా వాళ్ల సంస్థలకు వెళ్లింది 7 శాతమే. చిన్న సంఘాలకు ఆడిట్, ఇంగ్లిష్ రిపోర్టులు కష్టమని దాతలు మధ్యవర్తులను ఆశ్రయిస్తారు. మన దగ్గర 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు, పెట్టాలి, ఆ వివరాలు బయటపెట్టాలి. ఉట్నూరు నుంచో పాడేరు నుంచో యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థి ఆదివాసీలే నడిపే సంఘాలకు అందులో ఎంత వెళ్లిందో తేల్చాలంటే ఈ పద్దుతోనే మొదలుపెట్టవచ్చు.