న్యూట్రల్ తీగ సంగతి కూడా చూడాలి
ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌ను తట్టుకోవడానికి ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచితే చాలునన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. విజయవాడ భవానీపురంలో మా బంధువుల షెడ్డులో రాత్రిపూట పది పన్నెండు ఈ-ఆటోలకు చార్జింగ్ పెడతారు. మూడు ఫేజులకూ లోడు సమానంగానే పంచినా, నిరుడు వేసవిలో న్యూట్రల్ తీగ (మూడు ఫేజుల కరెంటూ తిరిగి వెళ్లే ఉమ్మడి తీగ) తొడుగు మాత్రం నల్లబడి కరిగిపోయింది, ఫేజు తీగలు చెక్కుచెదరలేదు. మరమ్మతుకు వచ్చినవాళ్లు లూజు కనెక్షనని బిగించి వెళ్లారు, నెల తిరక్కుండానే మళ్లీ అదే వాసన. చివరికి తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఒక్కో ఫేజులో కన్నా న్యూట్రల్‌లోనే కరెంటు ఎక్కువగా ఉంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూట్ లేని చౌక చార్జర్లు కరెంటును వోల్టేజీ తరంగ శిఖరాల దగ్గర మాత్రమే గుంజుకుంటాయి కాబట్టి సరఫరా పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్‌కు మూడు రెట్లుండే 150 హెర్ట్జ్ కరెంటు, అంటే మూడో హార్మోనిక్, పుడుతుంది. 50 హెర్ట్జ్ కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి గానీ ఈ హార్మోనిక్ కరెంట్లు మాత్రం మూడు ఫేజులవీ కలిసి కూడుకుంటాయి. 230 వోల్టుల స్థాయిలో హార్మోనిక్‌ల వల్ల కలిగే వోల్టేజీ వక్రీకరణ మొత్తం 8 శాతం మించరాదనే ఐఈఈఈ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ) 519 ప్రమాణం కూడా వినియోగదారు గ్రిడ్‌తో కలిసే చోటికే వర్తిస్తుంది, షెడ్డు లోపలి తీగను అది చూడదు. అందువల్ల చార్జింగ్ కనెక్షన్ ఇచ్చేటప్పుడు కిలోవాట్లతో పాటు చార్జరు రకాన్నీ, న్యూట్రల్ తీగ మందాన్నీ తప్పనిసరిగా తనిఖీ చేయాలని నా అభిప్రాయం.